పెట్టెలో కాగితం

మూడో రోజు కూడా పెరుగు తోడుకోలేదు.

లక్ష్మమ్మ గిన్నె మీది మూత తీసి, గిన్నెను పక్కకు వంచింది. నిన్న సాయంత్రం పోసిన పాలు పోసినట్టే కదిలాయి. వేలు ముంచి నాలుక మీద రాసుకుంది. పులుపు లేదు, వాసన లేదు. ఈ ఎండల్లో పూట గడవకముందే విరిగిపోవలసిన పాలు తెల్లారేదాకా చెక్కు చెదరలేదు.

"మొదటి దినం మన తోడే మంచిగ లేదనుకున్న. మొన్న ఎదురింట్లకెల్లి తెచ్చిన. నిన్న తారాబాయి ఇంటి తోడు. మూడిండ్ల తోడు మూడు దినాలు సచ్చిందంటే ఏమనుకోవాలె జగనూ?"

జగన్‌మోహన్ తల్లి చేతిలోంచి గిన్నె అందుకుని వాసన చూశాడు. జహీరాబాద్ బస్టాండు ఎదుట మందుల దుకాణం అతనిది. తాలూకాలో సగం మంది డాక్టరు గడప తొక్కే ముందు అతని దుకాణం మెట్లెక్కుతారు. 'తెలియదు' అన్న మాట అతని నోటికి అలవాటు తప్పి చాలా ఏళ్లయింది.

"జర ఇటు సూడున్రి." వంటింట్లోంచి అతని భార్య మనోరమ జాకెట్టు చేతులు పైకి మడుచుకుంటూ వచ్చింది. మోచేతుల దాకా ఎర్రటి దద్దుర్లు. "చాయ్ తాగి అర్ధగంట గూడ కాలే. నిన్న గూడ గిట్లనే."

"ఉడుకు."

"ఉడుకు గాదు. కాన్పుకు పోయినప్పుడు పెన్సిలిన్ పరీక్ష సూది ఏసిన్రు గద, ముంజేతి మీద పెన్నుతోని గుండ్రం గీసి? అప్పుడు గిట్లనే లేసినయ్. గిదే మంట."

ఆ సంగతి అతనికి బాగా గుర్తు. 'పెన్సిలిన్ పడదు' అని ఎర్ర సిరాతో ఒక అట్టముక్క మీద రాసి ఆమె పెట్టెలో పెట్టింది తనే.

"ఇంట్ల పెన్సిలిన్ ఎక్కడికెల్లి వస్తది మనోరమా? సూది ఎవ్వరు ఏసిన్రు నీకు?"

లక్ష్మమ్మ గొంతు తగ్గించింది. "పెరుగు తోడుకోదు. ఒంటి మీద దద్దుర్లు. నాకైతే మంచిగ కొడుతలేదు. గిది బాణామతే."

"బాణామతి లేదు, ఏం లేదు. ఆమె పాలల్ల ఏదో కలుపుతున్నది. కల్తీ. అంతే."

'ఆమె' అంటే నారమ్మ. చిరాగ్‌పల్లి దాటాక రోడ్డు దిగితే ఆమె ఊరు. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉన్నది ఒక్క బర్రె. పొద్దున్నే క్యాను నెత్తిన పెట్టుకుని వచ్చి, వచ్చే పోయే లారీల్లో ఏదో ఒకటి ఆపి, బస్టాండు దగ్గర దిగుతుంది. ఈ ఇంటికి రెండు లీటర్లు పోసి, మిగతావి రామ్‌కిషన్ హోటల్లో పోస్తుంది.

ఆ గురువారం ఆమె వచ్చేసరికి జగన్‌మోహన్ గడపలోనే కూర్చున్నాడు. పక్కన లాక్టోమీటరు, లిట్మస్ కాగితాలు, అయోడిన్ సీసా. ఆమె పాలు పోయగానే గాజు గొట్టం అందులో ముంచాడు.

నారమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని వంగి చూసింది. "ఏం సేటూ, పాలకు జరమొచ్చిందా?"

అతను నవ్వలేదు. గొట్టం తేలవలసిన గీత దగ్గరే తేలింది. నీళ్లు లేవు. అయోడిన్ చుక్క వేశాడు. నీలం తిరగలేదు, పిండి లేదు. ఎర్ర లిట్మస్ ఎర్రగానే ఉంది. సోడా లేదు. మూడు పరీక్షలూ నెగ్గిన పాలను చూస్తుంటే అతని అనుమానం తగ్గలేదు సరికదా, రెట్టింపయింది. దొంగ దొరకలేదంటే దొంగ లేడని కాదు, ఆరితేరినవాడని.

"బర్రె ఇప్పుడు మంచిగున్నది సేటూ," అంది నారమ్మ క్యాను మూత బిగిస్తూ. "నీ పున్నెం."

ముఖస్తుతి అనుకున్నాడు. తప్పు చేసినవాళ్లే కారణం లేకుండా పొగుడుతారు. ఆమె వెనక్కి చూడకుండా పోయిన తీరు కూడా అతనికి నచ్చలేదు.

దుకాణం తెరిచే ముందు రామ్‌కిషన్ హోటల్లో చాయ్ తాగడం అలవాటు. ఆవేళ రామ్‌కిషన్ గల్లా దగ్గర లేడు. వెనక పెద్ద బేసిను ముందు గొంతుక్కూర్చుని గరిటెతో కలుపుతున్నాడు. గరిటె నుంచి జారుతున్నది పెరుగు కాదు.

"నీకు గూడనా?" అన్నాడు జగన్‌మోహన్.

"మూడు దినాలసంది. మాణిక్ గూడ పాలు పోస్తడు గద, అవి సక్కగ తోడుకుంటున్నయ్. నారమ్మయి తోడుకుంటలెవ్వు. నువ్వు సదువుకున్నోనివి, జర సూడరాదు?"

"సూసిన. నీళ్లు లేవు, పిండి లేదు, సోడా లేదు."

"మరి?"

జగన్‌మోహన్ చాయ్ సాసర్లో పోసుకుని ఊదాడు. చుట్టూ బల్లల మీద నలుగురైదుగురు ఊదడం ఆపేశారు. ఇక్కడ 'తెలియదు' అనాలి. నోరు రాలేదు.

"ఏదో ఉన్నది. నాకు గూడ దొరకనిది."

ఎవరో సాసరు ఠక్కున కింద పెట్టారు. జగన్‌మోహన్ సేటుకే దొరకలేదట అన్న మాట, సాయంత్రం బస్సు కంటే ముందే నారమ్మ ఊరికి చేరింది.

*

శుక్రవారం తెల్లవారుతుండగానే అతను స్కూటరు రోడ్డు మీద చింతచెట్టు కింద ఆపి, నారమ్మ కొట్టం వెనక జొన్న సొప్ప కుప్ప చాటున నిలబడ్డాడు. పట్టుకుంటే కలిపే చేతులతో సహా పట్టుకోవాలి.

నారమ్మ గోరువెచ్చటి నీళ్లతో పొదుగు కడిగింది. పాత చీరపేలికతో తుడిచింది. నాలుగో సన్ను వదిలి మూడు సన్నులే ముందు పిండింది. తర్వాత నాలుగోదాని మొదటి ధారలు అరచేతిలో పట్టి వెలుతురుకు పెట్టి చూసుకుని, తల ఊపి, దాన్నీ అదే గిన్నెలోకి పిండింది. గిన్నె పక్కన పెట్టాక ఒకసారి గుమ్మం వైపు చూసి, నడుం దగ్గర చీర మడతలోంచి ఏదో తీసింది. పళ్లతో దాని మూత లాగింది. వీపు ఇటు తిప్పి పొదుగు కింద వంగింది. ఒక నిమిషం ఆమె మోచేయి మాత్రమే కదిలింది. లేచేసరికి చేతిలోనిది కొట్టం కప్పులో గడ్డి మధ్యకు దోపి, క్యాను తేవడానికి లోపలికి పోయింది.

జగన్‌మోహన్ సొప్ప చాటునుంచి బయటికొచ్చాడు. నాలుగంగల్లో కప్పు కిందికి చేరి గడ్డిలో వేలు పెట్టాడు.

చిన్న ప్లాస్టిక్ గొట్టం. దాని మీద నీలం పెన్సిలుతో వేసిన ధర. ఆ అంకెలు తనవే.

ఐదు రోజుల కిందటి సంగతి. పశువుల దవాఖానకు తాళం ఉంది, డాక్టరు బదిలీ అయిపోయి కొత్తాయన రాలేదు. బర్రెకు ఒక సన్ను వాచి గట్టిపడిందని నారమ్మ దుకాణానికి వచ్చింది. సన్నులోకి ఎక్కించే ఆరు ట్యూబులు ఇచ్చాడు, రోజుకొకటి చొప్పున. అప్పుడు ఆమె అడిగింది: "నిరుడు గిట్లనే వాస్తే డాక్టర్ సారు పాలు పారబొయ్యమన్నడు. మందు ఇడిసినంక గూడ మూడు దినాలు. ఇప్పుడు గూడ పారబొయ్యాల్నా సేటూ?" తను తల ఎత్తకుండానే చెప్పాడు: "అది పెన్సిలిన్. ఇది వేరే. క్లాక్సాసిలిన్. దీనికి ఆ ఫికర్ లేదు, పో."

జగన్‌మోహన్ ఊపిరి వదిలాడు. అయితే ఇది కాదన్నమాట. మందు తనది, సలహా తనది, రెండూ నికార్సైనవే. ట్యూబును గడ్డిలో దోపింది కూడా దిష్టి తగులుతుందని కావచ్చు. మరి కలుపుతున్నది ఎక్కడ? దారిలోనా? క్యానులోనే ముందుగా పోసి ఉంచుతుందా? ట్యూబును ఎక్కడిదక్కడ దోపి, సొప్ప కుప్ప వెనక నుంచి రోడ్డెక్కాడు.

పోతూ పోతూ చూశాడు. నారమ్మ గుమ్మం ముందు ఎవరో కోసి పడేసిన నిమ్మకాయ ఉంది. నీళ్లకు పోతున్న ఇద్దరు ఆడవాళ్లు ఆ గుమ్మం రాగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దారి మార్చారు.

స్కూటరు దగ్గర రేవణసిద్ధప్ప నిలబడి ఉన్నాడు. ఆ ఊళ్లో అతను ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ. "నీకు గూడ దొరకలేదట గద సేటూ?"

"ఇంకా సూస్తున్న."

"నువ్వేం సూస్తవ్ తియ్యి, గిది బాణామతే. అడిగినం దాన్ని. సేటు మందిచ్చిండు, పాలకేం కాదన్నడు అంటది. ఆ సేటే హోటల్ల కూసోని ఏదో ఉన్నదన్నడని చెప్తె నోరు మూసుకున్నది." సీటు మీది దుమ్మును తువ్వాలుతో నెమ్మదిగా దులిపాడు. "ఆదివారం చావిడికాడ కూసుంటున్నం. ముందరి పండ్లు నాలుగు పీకితె చాలు. నోరు తిరగదు, మంత్రం పారదు."

కొమ్మలు నరికే సంగతి మాట్లాడినట్టు మాట్లాడాడు. జగన్‌మోహన్ హ్యాండిలు పట్టుకున్నాడు. ఏదో అనాలి. 'దుకాణం టైమయింది' అని స్కూటరు తన్నాడు.

*

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మనోరమ మంచం మీద ఉంది. గొంతు నొప్పి, జ్వరం. దద్దుర్లు మెడ దాకా పాకాయి. కింది పెదవి ఒక పక్క ఉబ్బింది.

"ఉండు, ఇప్పుడే వస్త," అని దుకాణానికి పోయి కొత్త పెట్టె ఒకటి తెచ్చాడు. సెఫలెక్సిన్ గోళీలు, ఈ నెలలోనే వచ్చిన సరుకు. ఒకటి చేతిలో పెట్టి నీళ్లిచ్చాడు.

మనోరమ మింగలేదు. "పెన్సిలిన్ గాదు గద?"

"కాదు. కొత్తది. ఇది వేరే."

"వేరే అని ఎవరు చెప్పిన్రు?"

"కంపెనీ ఆయన."

"ఆయనకేం, అమ్ముకునేటోడు. పెట్టెల కాయితం ఉంటది గద. సదువున్రి. నాకు ఇనపడాలె."

అతనికి చిరాకేసింది. ఆ కాగితాలు చదివిన రోజు లేదు. పెట్టె విప్పగానే వాటిని సమంగా చింపి పక్కన పెట్టుకుంటాడు. మెత్తగా ఉంటాయి, చక్కగా మడత పడతాయి. విడిగా అమ్మే గోళీలకు పొట్లాలు కట్టడానికి వాటిని మించిన కాగితం లేదు.

మడత విప్పి కిటికీ దగ్గరికి పోయాడు. ఆవగింజలంత ఇంగ్లీషు అక్షరాలు. కూడబలుక్కుంటూ, తెలుగులో చెబుతూ మొదలుపెట్టాడు. "మోతాదు... పిల్లలకు... జాగ్రత్తలు. పెన్సిలిన్ పడనివాళ్లకు... ఈ మందు ఇచ్చే ముందు..." గొంతు దిగింది. "రెండింటికీ లోపలి బీటా-లాక్టమ్ వలయం ఒకటే గనక..."

"అంటే?"

"అంటే పేర్లే వేరు. లోపలి కట్టడం ఒకటి. దాంతో పడనోళ్లల్ల కొందరికి దీంతోని గూడ పడదు."

మనోరమ గోళీని నీళ్ల గ్లాసు పక్కన పెట్టింది. ఇద్దరూ దాన్ని చూశారు.

"మరి బర్రెకు ఇచ్చింది?" అనుకున్నాడు జగన్‌మోహన్. పైకే అన్నాడు కాబోలు, మనోరమ లేచి కూర్చుంది.

ఆ ట్యూబుల పెట్టెలోని కాగితం ఎక్కడ? దుకాణానికి పరుగెత్తి డబ్బాలన్నీ బోర్లించాడు. చింపిన కాగితాల కట్టలో లేదు. ఎవరి పొట్లంలోనో, ఏ ఊరికో వెళ్లిపోయి ఉంటుంది. అంతలో మంగళవారం తల్లికి కడుపుబ్బరం గోళీలు కట్టిచ్చింది గుర్తొచ్చింది. ఇంటికొచ్చి లక్ష్మమ్మ తమలపాకుల డబ్బా లాక్కుని, పొట్లం విప్పాడు. గోళీలు నేల మీద దొర్లాయి.

"నీకేం పట్టిందిరా!" అంది లక్ష్మమ్మ వాటిని ఏరుకుంటూ.

కాగితానికి ఒక అంచున సున్నం మరక. మిగతాదంతా చదవడానికి వచ్చింది. పశువులకు మాత్రమే. ఈ మందు పెన్సిలిన్ జాతిది. వాడిన రోజులలోనూ, ఆఖరి ట్యూబు తరువాత మూడు రోజులూ పాలు మనుషులు తాగరాదు. పెన్సిలిన్ పడనివారు చేతితో ముట్టుకోవద్దు. అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా సన్నగా: ఈ పాలు పెరుగుకు, జున్నుకు పనికిరావు, తోడును ఈ మందు చంపుతుంది.

మనోరమ చేతులు చూసుకుంది. "అయితే నాలుగు దినాలసంది నేను చాయ్‌ల మందు తాగుతున్న. పోసింది మీరే."

ఆమెను రిక్షాలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. రెండు కాగితాలూ ఆయన బల్ల మీద పెట్టాడు. ఆయన చదివి, ఆ జాతితో సంబంధం లేని మందు రాసిచ్చాడు. పాలు మానిపించాడు. తిరిగొచ్చాక జగన్‌మోహన్ దుకాణంలో స్టూలెక్కి నిలబడ్డాడు. పెన్సిలిన్ సీసాలు ఒక అరలో, ఆంపిసిలిన్ గోళీలు ఇంకో అరలో, క్లాక్సాసిలిన్ కింద, సెఫలెక్సిన్ అద్దాల బీరువాలో. పేర్ల వరసన ఎంత ముచ్చటగా సర్దుకున్నాడో! ఒక్కొక్కటే దించి, అన్నిటినీ ఒకే అరలోకి తెచ్చాడు. అవన్నీ పక్కపక్కన చేరాక అర నిండిపోయింది.

శనివారం పొద్దున్న లక్ష్మమ్మ అతని ముందు కూర్చుంది. నిన్నటి నుంచి ఆమె బాణామతి ఊసెత్తలేదు. "నేనొక మాట చెప్త ఇను. ఆఖరు ట్యూబు నిన్న అయిపోయిందంటివి. సోమారం దాక పాలు వాటంతటవే మంచిగైతయ్. పెరుగు తోడుకుంటది. ఎవ్వరికి ఏం తెల్వదు. నువ్వు నోరు ఇప్పినవనుకో, రేపటికెల్లి నీ దుకాణంల మందు కొనేటోడు ఎవడు?"

అతనూ అదే లెక్క రాత్రంతా వేసుకున్నాడు. ప్రతిసారీ ఒక్కచోటే తప్పుతోంది.

"సోమారం కంటె ముందు ఆదివారం వస్తది గద అమ్మా."

లక్ష్మమ్మ ఆకుకు సున్నం రాసిన చోటే మళ్లీ రాసింది.

ఆ సాయంత్రం మాణిక్ దగ్గర లీటరు పాలు తెచ్చాడు. మనోరమ కాచి, రెండు గిన్నెల్లో సమంగా పోసి, ఒకే తోడు రెండింటిలో కలిపింది. ఒక గిన్నెలోకి అతను కొత్త ట్యూబు తీసి శనగగింజంత మందు పిండాడు. ఆ గిన్నెకు ఎర్ర గుడ్డ, రెండోదానికి తెల్ల గుడ్డ కట్టారు.

*

చావిడి ముందు అరవై డెబ్భై మంది. మధ్యలో నేల మీద నారమ్మ. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. అరుగు మీద ఒక కటింగ్ ప్లేయర్, పక్కన ఇద్దరు మనుషులతో దాన్ని తెచ్చిన లారీ డ్రైవరు. రామ్‌కిషన్ కూడా వచ్చాడు. జగన్‌మోహన్‌ను చూడగానే తల పక్కకు తిప్పుకున్నాడు.

జగన్‌మోహన్ రెండు గిన్నెలూ అరుగు మీద, ప్లేయర్ పక్కనే పెట్టి గుడ్డలు విప్పాడు.

"రెండు మాణిక్ పాలే. నారమ్మ చెయ్యి తగలలేదు. నిన్న మా ఇంట్ల తోడేసినం." తెల్ల గుడ్డ గిన్నెను వంచాడు. పెరుగు కదలలేదు. ఎర్ర గుడ్డ గిన్నెను వంచాడు. పాలు అంచుదాకా వచ్చాయి. "దీంట్ల గింతంత మందు ఏసిన. పొదుగు వాపు మందు. నా దుకాణంలది. నారమ్మ బర్రెకు ఇచ్చింది గూడ గిదే. ఇచ్చింది నేను."

అతను గిన్నె దించి, నారమ్మను చూపించాడు.

"పాలు పారబొయ్యాల్నా అని ఆమె అడిగింది. వద్దన్నది నేను. నాకు తెల్వదు. తెల్వదని అనకుండ, ఫికర్ లేదన్న."

రేవణసిద్ధప్ప కళ్లు చిన్నవి చేశాడు. "మొన్న హోటల్ల ఏమన్నవ్ మరి?"

"ఏదో ఉన్నది, దొరకలేదన్న. నా దుకాణంలనే ఉండె."

"ఇంటోళ్లకు దద్దుర్లు లేసినయంట గద? అది?"

"నా భార్యకు ఆ మందు పడదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా పోసిన."

వెనక నుంచి ఒక ముసలామె గొంతు లేచింది. "అట్లయితె నారి పండ్లు కాదు, ఈ సేటు పండ్లు పీకున్రి!"

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు పాకింది. ఒకాయన ముందుకొచ్చి తెల్ల గుడ్డ గిన్నెలో వేలు పెట్టి నాకి, 'కమ్మగున్నది' అన్నాడు. నవ్వు ఇంకా పెరిగింది. రేవణసిద్ధప్ప ఒక్కడే నవ్వలేదు. రెండో గిన్నె ఎత్తి, ఇందులో ఏదో కిటుకు ఉన్నట్టు, పూర్తిగా బోర్లించాడు. పాలు అతని చెప్పుల మీదే పడ్డాయి. లారీ డ్రైవరు, బీదర్‌లో లోడు ఎత్తుకోవాలని గొణుగుతూ ప్లేయర్ తీసి జేబులో వేసుకున్నాడు.

నారమ్మ లేచింది. జుట్టు ముడి వేసుకుంది. చీరకంటిన మట్టి దులుపుకుని జగన్‌మోహన్ ఎదురుగా వచ్చి నిలబడింది. అతను దండం పెట్టబోయాడు. ఆమె అది చూడలేదు.

"నేను అడిగిన గద సేటూ?"

"అడిగినవ్."

"గదే." ఆమె కొంగు బిగించుకుంది. "ఇందరు ఇన్ని తీర్ల చెప్తుంటె, నేనే అడగలేదేమో, అడిగిన్నని అనుకుంటున్ననేమో అని మూడు దినాలసంది నా మీద నాకే అనుమానమొచ్చింది."

ఇంకో మాట లేకుండా బర్రె దగ్గరికి వెళ్లిపోయింది.

*

జగన్‌మోహన్ దుకాణంలో పొద్దుటి గుంపు సగమయింది. వచ్చినవాళ్లు కూడా మందు తీసుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, 'ఇది ఏ జాతిది సేటూ?' అని నవ్వకుండా అడుగుతున్నారు. అతను పొట్లాలు పాత వార్తాపత్రికలతో కడుతున్నాడు.

నారమ్మ అతని ఇంటికి పాలు పోయడం మానేసింది. క్యానుతో గుమ్మం ముందు నుంచే హోటలుకు పోతుంది.

ఇరవై రోజుల తర్వాత ఒక ఉదయం ఆమె దుకాణం మెట్లెక్కింది. ఐదారుగురు కాచుకుని ఉన్నారు. వాళ్లను దాటి వచ్చి మోచేతులు బల్ల మీద ఆనించింది.

"ఇంకో సన్ను వాసింది. గవే ట్యూబులియ్యి."

అతను పెట్టె తీశాడు. ఈసారి విప్పకుండా, నిండు పెట్టె ఆమె ముందు పెట్టాడు. "మందు పెట్టినన్ని దినాలు, ఆఖరుదాని ఎనక మూడు దినాలు పాలు పారబొయ్యి."

"నువ్వు చెప్పుడు గాదు. లోపల కాయితం ఉంటదంట గద. తీసి సదువు."

"గదే చెప్పిన కదా..."

"సదువు."

కాచుకున్నవాళ్లు దగ్గరికి జరిగారు. జగన్‌మోహన్ కాగితం విప్పి, కళ్లద్దాలు సవరించుకుని, ఒక్కొక్క వాక్యం తెలుగులో చెబుతూ చదివాడు. నారమ్మ కాగితం వైపు చూడలేదు. అతని ముఖాన్నే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా, పాలధార అరచేతిలో పట్టి చూసినట్టు. మోతాదు అయింది. జాగ్రత్తలు అయ్యాయి. తోడును చంపుతుందన్న మాటా అయింది. చదివి మడవబోయాడు.

ఆమె వేలు కాగితం అడుగున పడింది. "గక్కడ సన్నగ ఇంకోటున్నది. అది సదువలే."

"అది కంపెనీ అడ్రసు నారమ్మా."

"సదువు."

జగన్‌మోహన్ మడత మళ్లీ విప్పాడు. కాచుకున్నవాళ్లలో ఒక్కరూ తొందర పెట్టలేదు. కాగితం వెలుతురుకు పెట్టి, ప్లాటు నంబరుతో మొదలుపెట్టి, వీధి పేరు, ఊరు, పిన్‌కోడు దాకా, ఒక్క అంకె వదలకుండా గట్టిగా చదివాడు.